పాఠకురాలు చూపిన తప్పు దొంగ ప్రతిలోది: ఆమెకు ఏమని జవాబు రాయాలి?

చిత్తుప్రతి (చర్చ ప్రారంభం)

సభ్యులకు నమస్కారం. నాలుగేళ్లు కూర్చుని రాసిన నా నవల గత సంవత్సరం ఈ-బుక్‌గా వెలువడింది. పోయిన వారం ఒక పాఠకురాలు దాని గురించి చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఏ సన్నివేశం దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివారో, ఏ పాత్ర మీద తనకు చివరిదాకా అనుమానం తీరలేదో వివరంగా చెప్పి, ఆఖరున ఎంతో మర్యాదగా ఒక తప్పు చూపించారు. 143వ పుటలో అక్కాచెల్లెళ్ల పేర్లు తారుమారయ్యాయని, అందువల్ల తాను రెండు పుటల దాకా తికమకపడ్డానని రాశారు.

ఆమె చెప్పింది నిజమే. కాని అమ్మకంలో ఉన్న పుస్తకంలో ఆ తప్పు లేదు. విడుదలకు నెల ముందు ప్రూఫు చూడమని నేను ఐదుగురికి పంపిన పీడీఎఫ్‌లో మాత్రమే ఉంది. అంటే ఆ ఐదుగురిలో ఎవరి దగ్గర నుంచో అది బయటకు పొక్కి, ఎక్కడెక్కడో తిరిగి ఆమె చేతికి చేరిందన్నమాట. వెతికితే మూడు చోట్ల దొరికింది. ఒక చోట నా ఇంటిపేరు కూడా తప్పే.

ఆమె మీద నాకు కోపం రావడం లేదు, అలాగని ఆ ఉత్తరం చూసి మనసారా సంతోషించలేకపోతున్నాను. తాను చదివింది దొంగ ప్రతి అని ఆమెకు తెలుసో లేదో కూడా ఉత్తరాన్ని బట్టి తేల్చుకోలేకపోయాను. "దొంగతనం దొంగతనమే", "జ్ఞానం అందరిదీ" అనే రెండు మాటలూ నేను ఇప్పటికే చాలాసార్లు విన్నాను కనుక, వాటికి అవతల ఏముందో చెప్పగలిగినవారు చెప్పండి.

రీలుపెట్టె

నేను సినిమాలకు శబ్దం కూర్చే పనిలో ఉన్నాను, కనుక నా మాటలో కాస్త కారం ఉంటే మన్నించండి. కొన్నేళ్ల కిందట ఒక చిన్న సినిమాకు తొమ్మిది వారాలు పని చేశాను. అందులో వాన సన్నివేశం ఒకటి ఉంది. రేకు మీద చినుకు, ఆకు మీద చినుకు, గొడుగు మీద చినుకు దేనికది వినిపించాలని మూడు రాత్రులు మేలుకున్నాం. విడుదలకు ముందు సమీక్షకులకు పంపిన లింకు నుంచి ఆ సినిమా బయటపడింది. ఫైలు చిన్నదైతే తొందరగా దిగుతుందని ఎవరో దాన్ని కుదించి పారేయడంతో మా మూడు చినుకులూ కలిసిపోయి ఒకటే రొదగా మిగిలాయి. దాని కింద ఒక పెద్దమనిషి "సౌండు బాగాలేదు" అని వ్యాఖ్య రాశాడు.

మాకు కూలి ముందే ముడుతుంది కదా, నష్టమేమిటని చాలామంది అడుగుతారు. ఆ సినిమాకు ముట్టింది, నిజమే. ఆ సినిమా డబ్బు తెచ్చిపెట్టకపోతే రాకుండా పోయేది తర్వాతి సినిమా కూలి. ఆ నిర్మాత మళ్ళీ సినిమా తీయలేదు. పైరసీ ఒక్కటే కారణమని నేను అనను, కాని అది కారణమే కాదని నాతో ఎవరూ అనిపించలేరు. చిత్తుప్రతి గారూ, మీ పాఠకురాలు ఎంత మంచివారైనా ఆమె చదివింది మీ కష్టానికి ప్రతిఫలం ఇవ్వని ప్రతి. ఆ మాట ఆమెకు తెలియజేయడం మీ ధర్మమని నా అభిప్రాయం.

వాదప్రియ

"దొంగతనం" అనే మాట దగ్గర కాసేపు నిలబడదాం. దొంగ ఎత్తుకుపోతే వస్తువు సొంతదారు దగ్గర ఉండదు. ఇక్కడ చిత్తుప్రతి గారి నవల వారి దగ్గరే ఉంది. పోయింది, లేదా పోయిందని మనం అనుకుంటున్నది, రావలసిన రాబడి. న్యాయస్థానాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. అనుమతి లేకుండా ముద్రించిన రికార్డులను రాష్ట్రాల సరిహద్దులు దాటించిన ఒక వ్యక్తి మీద దొంగసొత్తు రవాణా చట్టం ప్రయోగించడం చెల్లదని 1985లో డౌలింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అతని మీద కాపీరైటు ఉల్లంఘన నేరం మాత్రం అలాగే నిలిచింది. పేరు మారింది కనుక తప్పు మాసిపోయిందని అనుకోనక్కర్లేదు.

కాపీరైటు అనేది పొలం మీద హక్కు లాంటిది కాదు. సమాజం రచయితతో కుదుర్చుకున్న గడువు గల ఒడంబడిక. 1710లో బ్రిటన్ చట్టం కొత్త పుస్తకానికి ఇచ్చిన గడువు 14 ఏళ్లు, రచయిత అప్పటికీ జీవించి ఉంటే మరో 14 ఏళ్లు. ఇప్పుడు కాపీరైటుపై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు నడుస్తుంది. అమెరికా 1998లో దాన్ని 70 ఏళ్లకు పెంచి, సంస్థల పేరిట వెలువడిన వాటికి ప్రచురణ నుంచి 95 ఏళ్ల దాకా ఇచ్చింది. తాత రాసిన దానిమీద ముని మనవలు రాబడి తీసుకునేటంతగా ఒడంబడిక ఒకవైపు మొగ్గిపోతే, రెండో పక్షానికి దాని మీద గౌరవం సన్నగిల్లడం సహజమే. అయితే చిత్తుప్రతి గారి పుస్తకం వయసు ఒక్క సంవత్సరం. మూడు శతాబ్దాల నాటి ఆ పొదుపైన చట్టం కింద చూసినా దానికి రక్షణ ఉంది. కనుక గడువు మరీ పొడుగైందన్న వాదన, అది ఎంత సబబైనదైనా, ఈ సందర్భంలో ఎవరికీ అక్కరకు రాదు.

కొవ్వొత్తి

నా పేరు చూసే నేను ఎటువైపో మీకు తెలిసిపోయి ఉంటుంది. నా దీపంతో మీ దీపం వెలిగించుకుంటే నా వెలుగు తగ్గదని థామస్ జెఫర్సన్ 1813లో ఒక ఉత్తరంలో రాశారు. విద్య దొంగలెత్తుకుపోలేని ధనమని, పంచినకొద్దీ పెరుగుతుందని మన పెద్దలు అంతకు ఎంతో ముందే అన్నారు. దొంగ ప్రతి చదివినవారంతా అది దొరకకపోతే కొనేవారని లెక్కవేసి, ఆ సంఖ్యను ధరతో హెచ్చించి నష్టమని ప్రకటించడం సంస్థలకు అలవాటు. నా సంగతే చెబుతాను. చదువుకునే రోజుల్లో నేను దించుకున్న వందలాది పుస్తకాల్లో పదింటిని కూడా కొనగలిగేవాడిని కాదు. అవి దొరకకపోతే చదవకుండానే ఉండిపోయేవాడిని. దానివల్ల ఏ రచయితకు లాభం?

యూరోపియన్ కమిషన్ చేయించిన ఒక అధ్యయనం 2015లోనే పూర్తయి 2017 దాకా బయటికి రాలేదు. సంగీతం, పుస్తకాలు, ఆటల విషయంలో పైరసీ అమ్మకాలను తగ్గిస్తోందని చెప్పడానికి గట్టి రుజువు దొరకలేదని అందులో ఉంది.

రీలుపెట్టె

అదే అధ్యయనంలో కొత్తగా వచ్చిన పెద్ద సినిమాల సంగతి కూడా ఉందండి. అక్రమంగా చూసిన ప్రతి పది సార్లకూ సక్రమంగా చూడడం నాలుగు సార్లు తగ్గిందని వారు తేల్చారు. పైగా రుజువు దొరకకపోవడం, నష్టం లేకపోవడం ఒకటి కాదని ఆ నివేదికే చెబుతోంది. ఆ వాక్యాన్ని మీరు దాటవేశారు.

కొవ్వొత్తి

ఒప్పుకుంటున్నాను. దాటవేశాను.

గింజగింజ

నేను నెట్‌వర్కుల పని చేస్తాను. ఈ చర్చలో ఎవరూ ముట్టుకోని సాంకేతిక విషయం ఒకటుంది, దానికి నీతితో సంబంధం ఉంది కనుక చెబుతున్నాను. "నేను ఎవరికీ పంచలేదు, నా మటుకు నేను దించుకున్నాను" అని చాలామంది నిజాయితీగానే అంటారు. టోరెంటు వాడేవారి విషయంలో ఆ మాట సాధారణంగా నిజం కాదు. 2001లో వచ్చిన ఆ పద్ధతి నడిచేదే ఇచ్చిపుచ్చుకోవడం మీద. ఫైలును వందలాది ముక్కలుగా చేస్తారు. మీ కంప్యూటరుకు ఒక ముక్క చేరిన క్షణం నుంచే, మిగతావి ఇంకా వస్తూ ఉండగానే, ఆ ముక్కను అడిగినవారందరికీ అది పంపుతూ ఉంటుంది. తెరమీద ఆ రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి, చూసేవారే తక్కువ. నా స్నేహితుడొకరు ఒక సినిమా దించుకుని, ప్రోగ్రాం మూయడం మరిచి పడుకున్నారు. పొద్దున చూస్తే దించుకున్నది 700 మెగాబైట్లు, పంచినది దాదాపు 4 గిగాబైట్లు. రాత్రికి రాత్రి ఐదారు ప్రతులు పంచిపెట్టిన మనిషి నిద్రలో ఉన్నాడు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఏమిటంటే, చదువరి తప్పు చిన్నదని, పంచేవాడి తప్పు పెద్దదని మనం గీసుకున్న గీతను ఆ యంత్రం చెరిపేసింది. దాన్ని వాడుతున్నంతసేపూ మనం ఆ రెండో గట్టున కూడా నిలబడి ఉన్నట్టే.

గ్రంథపాలిక

నేను గ్రంథాలయంలో పని చేస్తున్నాను. కొన్న పుస్తకానికీ, కొన్నామని మనం భ్రమపడే ఈ-బుక్కుకూ ఉన్న తేడా నాకు రోజూ అనుభవమే. కాగితం పుస్తకం కొంటే దాన్ని అరువివ్వవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు వదిలిపోవచ్చు. ఈ-బుక్ విషయంలో సాధారణంగా మనకు దక్కేది చదువుకోవడానికి అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్ ఒక సంచికకు హక్కులు సరిగా లేవని తెలిసి జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని, డబ్బు చెల్లించిన పాఠకుల కిండిళ్ల (ఈ-బుక్కులు చదివే పరికరాల) నుంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ దుకాణం మూసినప్పుడు పాఠకుల అలమరలన్నీ ఖాళీ అయ్యాయి. అక్కడా డబ్బు వెనక్కి వచ్చింది. అంచుల్లో సొంత వ్యాఖ్యలు రాసుకున్నవారికి మాత్రం 25 డాలర్లు అదనంగా ఇచ్చారు. చదువుతూ రాసుకున్న గీతలకూ, ప్రశ్నలకూ వెలకట్టడం అంటే ఇదేనేమో! వాడిన పాటల ఫైలును మళ్ళీ అమ్ముకోవచ్చా అన్న ప్రశ్నకు 2018లో రీడిజి కేసులో అమెరికా అప్పీలు కోర్టు కుదరదని చెప్పింది. "కొనండి" అని మీట మీద రాసి, లోపల అద్దె పత్రం పెట్టేవారికి నీతి గురించి గట్టిగా మాట్లాడే అర్హత కాస్త తక్కువే.

ఇంకో సంగతి, భద్రపరచడం. బ్రామ్ స్టోకర్ రాసిన "డ్రాకులా" నవల ఆధారంగా, అనుమతి తీసుకోకుండా 1922లో జర్మనీలో "నోస్ఫెరాటు" అనే మూకీ సినిమా తీశారు. రచయిత భార్య దావా వేశారు, ప్రతులన్నీ నాశనం చేయమని 1925లో కోర్టు ఆదేశించింది. న్యాయం ఆవిడ వైపే ఉందని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఆ ఆదేశం చేరని ప్రతులు కొన్ని మిగలబట్టే ఆ సినిమా నేడు చూడగలుగుతున్నాం. హక్కుల చిక్కు లేకుండా సంస్థల గోదాముల్లో భద్రంగా ఉండవలసిన అమెరికా పూర్తి నిడివి మూకీ చిత్రాల్లో దాదాపు 70 శాతం పూర్తిగా పోయాయని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన నివేదిక చెబుతోంది. హక్కుదారు కాపాడతాడన్న భరోసా లేదని మా వృత్తిలో ఉన్నవారికి బాగా తెలుసు.

చూపు లేని పాఠకుల మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు కాపీ చేయకుండా కొన్ని ఈ-బుక్కులకు వేసే డిజిటల్ తాళాలు అడ్డుపడతాయి. వారి కోసం ప్రతులు తయారు చేసుకోవడం నేరం కాకూడదని 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరింది, 2016లో అమలులోకి వచ్చింది. అంతకు ముందు వారు చేసిన ప్రతులను చాలా చోట్ల చట్టం ఏ పేరుతో పిలిచేదో ఆలోచించండి.

మూలపాఠం

పరిశోధకుడిగా నాది వేరే లోకం, క్లుప్తంగా చెబుతాను. పరిశోధన పత్రం రాసినందుకు నాకు పత్రిక పైసా ఇవ్వదు. ఇతరుల పత్రాలు పరిశీలించినందుకూ ఇవ్వదు. చదవాలంటే మాత్రం నా సంస్థ చందా కట్టాలి. అలెగ్జాండ్రా ఎల్బక్యాన్ 2011లో సై-హబ్ అనే వెబ్‌సైటు మొదలుపెట్టి ఆ పత్రాలను అందరికీ తెరిచిపెట్టినప్పుడు ఒక్క రచయిత రాబడి కూడా తగ్గలేదు. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్‌కు కోటీ యాభై లక్షల డాలర్లు చెల్లించమని 2017లో అమెరికా కోర్టు ఆదేశించింది. నా పత్రాలూ అక్కడ ఉన్నాయి. చూసి నేను గర్వపడ్డాను. రీలుపెట్టె గారి బాధ నిజమైనదే, కాని ఆ బాధను తెచ్చి నా పత్రాల మీద కప్పితే అతకదు. నవల, సినిమా, పరిశోధన పత్రం మూడింటినీ ఒకే తక్కెడలో తూచవద్దని మాత్రం కోరుతున్నాను.

నిర్వాహకులు

ఒక సభ్యుడు "ఇక్కడ దొరుకుతుంది" అంటూ పెట్టిన లింకును తొలగించాం. చర్చ పైరసీ నీతి గురించి, చిరునామాల గురించి కాదు. కొనసాగించండి.

వాదప్రియ

గ్రంథపాలిక గారు, మూలపాఠం గారు చెప్పినవి బలమైన కారణాలే. వాటిని విన్నప్పుడల్లా నాకు ఒక సందేహం వస్తుంది: ఆ కారణం నాదేనా, లేక అవసరానికి అరువు తెచ్చుకున్నానా? చూపు లేనివారి ఇబ్బందిని, పేద విద్యార్థి ఇబ్బందిని, కనుమరుగవుతున్న సినిమాలను ముందు పెట్టి, వాటి వెనక నిలబడి నిన్న విడుదలైన సినిమాను దించుకునేవారు చాలామంది ఉన్నారు. నేనూ ఒకప్పుడు వారిలో ఒకడినే.

నాకు తోచిన పరీక్ష ఒక్కటే. చెప్పిన కారణం నిజమైనదైతే, ఆ కారణం తీరిన రోజున అలవాటు కూడా ఆగాలి. 1999లో పాటల ఫైళ్లను ఒకరికొకరు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ వచ్చినప్పుడు, ఒక్క పాట కోసం మొత్తం ఆల్బం కొనిపిస్తున్నారు కాబట్టే దించుకుంటున్నానని నేను అందరికీ చెప్పేవాడిని. అది అబద్ధం కాదు. 2003లో ఐట్యూన్స్ దుకాణం ఒక్కో పాటను 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. అప్పుడు పాటలకు తాళం వేసి ఇస్తున్నారు కదా అన్నాను. 2009లో ఆ తాళమూ తీసేశారు. అప్పుడు నేనేమన్నానో గుర్తు లేదు, కాని కొనలేదని మాత్రం గుర్తుంది. ఆ తర్వాత నెల చందాతో స్ట్రీమింగ్ వచ్చాక చాలామంది మానేశారు. దాదాపు పదిహేనేళ్లు పడిపోతూ వచ్చిన సంగీత పరిశ్రమ రాబడి 2015 నుంచి మళ్ళీ పెరగడంలో వారి పాత్ర ఉంది. అలా మానినవారు ముందు చెప్పిన కారణం నిజమని నేను నమ్ముతాను. నా కారణం మాత్రం ప్రతిసారీ ఒక మెట్టు పైకి జరిగింది. పాత హార్డ్‌డిస్కులో ఇప్పటికీ ఆ పాటలున్నాయి. వాటిలో నాలుగో వంతు దాకా తర్వాత కొన్నాను. మిగతావి వింటున్నప్పుడు పాట మధ్యలో ఈ లెక్క గుర్తుకు వస్తూ ఉంటుంది.

కొవ్వొత్తి

వాదప్రియ గారి పరీక్ష నాకు కష్టంగానే ఉంది. చదువుకునే రోజుల్లో డబ్బు లేదన్నది నా కారణం. ఉద్యోగం వచ్చి చాలా ఏళ్లయింది. పోయిన నెల కూడా ఒక పుస్తకం దించుకున్నాను, దాని ధర ఎంతో చూడనే లేదు. ఒక్క మాట మాత్రం వదులుకోను. ఒక్కో సినిమా ఒక్కో సంస్థ దగ్గర పెట్టి, అన్నింటికీ విడివిడిగా చందా కట్టమని, కట్టాక కూడా వచ్చే నెలకు ఆ సినిమా ఉంటుందో లేదో చెప్పలేమని అంటే, మానుకున్నవారు మళ్ళీ పాత దారి పడతారు. అది తప్పా ఒప్పా అన్నది తర్వాతి మాట.

చిత్తుప్రతి

అందరికీ కృతజ్ఞతలు. నేను ఆ పాఠకురాలికి జవాబు రాశాను. ముందు తప్పు చూపించినందుకు ధన్యవాదాలు చెప్పి, ఆ తప్పు అమ్మకపు ప్రతిలో లేదని, మీ దగ్గరున్నది విడుదలకు ముందటి ప్రూఫు అని, అది మీకు ఎలా చేరిందో తెలుసుకోవాలని ఉందని రాశాను. నిందలా ఉండకూడదని ఆ ఒక్క వాక్యాన్ని ఆరుసార్లు తిరగరాశాను.

మర్నాడే జవాబు వచ్చింది. కొనడానికి ఆమె రెండు దుకాణాల్లో ప్రయత్నించారట. రెండు చోట్లా "మీ ప్రాంతంలో ఈ పుస్తకం అందుబాటులో లేదు" అని వచ్చిందట. ఆ తెర బొమ్మ కూడా జతచేశారు. డబ్బు ఏ విధంగా పంపాలో చెప్పమని అడిగారు. నేను నమ్మలేక ప్రచురణ ఒప్పందం తీసి చూశాను. ఏడవ పుటలో, చిన్న అక్షరాల్లో, అమ్మకం హక్కులు నాలుగు దేశాలకే పరిమితమని ఉంది. కింద నా సంతకం ఉంది. 143వ పుటలో తప్పు లేకుండా చూసుకున్నవాడిని ఆ ఏడవ పుట చదవనే లేదు.

ఆమె డబ్బు తీసుకునే దారి నాకు లేదు. సవరించిన పీడీఎఫ్‌ను ఆమెకు పంపించాను. తర్వాత ఒప్పందం మళ్ళీ చూస్తే, పూర్తి ప్రతిని ప్రచురణకర్త అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదని కూడా అందులోనే ఉంది.

రీలుపెట్టె

అయితే ఈ చర్చలో తాజా పైరసీ మీదేనన్నమాట! ఆమె గురించి నేను తొందరపడి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రూఫు బయటపెట్టినవారి గురించి మాత్రం తీసుకోను. ఆ ఐదుగురిలో ఎవరో తేలిందా? మా వైపు సమీక్షకులకు పంపే ప్రతి కాపీలోనూ కంటికి కనపడని గుర్తు ఒకటి వేరువేరుగా వేస్తారు. బయటపడితే ఎవరి కాపీయో తెలుస్తుంది.

చిత్తుప్రతి

తేలలేదు. ఐదుగురికీ ఒకే ఫైలు పంపాను. ఐదుగురూ మిత్రులే. అడిగితే నలుగురు నిరపరాధుల మనసు నొచ్చుకుంటుంది కనుక అడగదలచుకోలేదు.

ఆ పాఠకురాలి నుంచి ఇవాళ మరో ఉత్తరం వచ్చింది. కొత్త ప్రతి మొత్తం మళ్ళీ చదివారట. 143వ పుట సరిగ్గానే ఉందని, 212వ పుటలో మాత్రం మంగళవారం జరిగిన సంగతిని తర్వాతి పేరాలో బుధవారమని రాశానని చూపించారు. ఈ తప్పు అమ్మకపు ప్రతిలోనూ ఉంది. ప్రూఫు చూసిన ఐదుగురికీ, ప్రచురణకర్తకూ, నాకూ ఎవరికీ కనపడలేదు. వెంటనే సరిదిద్దమని ప్రచురణకర్తకు రాశాను. ఒక పాఠకురాలు పట్టుకున్నారని కూడా గొప్పగా రాశాను. ఆమె ఏ దుకాణంలో కొన్నారో చెబితే అక్కడి ఫైలును ముందుగా మారుస్తామని వారు జవాబిచ్చారు. దానికి ఇంకా ఏమీ రాయలేదు.